పట్టు విడిపించుకోవడం కూడా వార్డు పనే

(ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ)



2024 ఆగస్టు 24న తిరుపతి స్విమ్స్‌లో ఒక రోగి వెనక నుంచి వచ్చి, డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలి జుట్టు పట్టుకున్నాడు. ఆమె తలను మంచం ఇనుప చట్రానికేసి కొట్టాడు. తోటి సిబ్బంది పరుగెత్తుకొచ్చి విడిపించారు. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలిపై హత్యాచార ఘోరం జరిగి అప్పటికి పక్షం రోజులే. మరో మూడు వారాలు తిరగకముందే, సెప్టెంబరు 11న సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి క్యాజువాలిటీలో ఒక రోగి జూనియర్ వైద్యురాలి చెయ్యి పట్టి లాగాడు, ఏప్రాన్ దొరకబుచ్చుకుని వదల్లేదు. అక్కడా చుట్టుపక్కలవాళ్లు వచ్చి విడిపించాల్సి వచ్చింది. రెండు సీసీ కెమెరా దృశ్యాలనూ తెలుగువాళ్లంతా ఫోన్లలో చూశారు.

ఆ తర్వాత మామూలుగా జరిగేవన్నీ జరిగాయి. జూనియర్ డాక్టర్లు ఆందోళన చేశారు, ఖండనలు వచ్చాయి, కెమెరాలు, గార్డులు, పోలీసు ఔట్‌పోస్టుల ప్రస్తావన మళ్లీ మొదలైంది. అవన్నీ కావలసినవే. కానీ ఆ రెండు దృశ్యాలనూ ఇంకోసారి చూసినవాళ్లకు ఒక సంగతి తడుతుంది. అక్కడ కత్తి లేదు, కర్ర లేదు, గుంపు లేదు. ఒకరి పిడికిట్లో ఇంకొకరి జుట్టు ఉంది, ఒకరి గుప్పిట్లో ఇంకొకరి చెయ్యి ఉంది. గార్డు ఎంత వేగంగా పరుగెత్తినా, వరండా చివర నుంచి వచ్చేసరికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కొన్ని క్షణాలు ఏం చేయాలో ఆ అమ్మాయిలకు ఎవరైనా ఎప్పుడైనా నేర్పారా?

బ్రిటన్‌లో ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు, నర్సులు చాలామందే ఉన్నారు. అక్కడి ఉద్యోగంలో చేరినవాళ్లకు మంటలార్పే పాఠం, గుండె ఆగితే చేసే సీపీఆర్ పాఠం ఎలాగో పట్టు విడిపించుకునే పాఠమూ అలాగే. మళ్లీ మళ్లీ హాజరు వేయించుకోవాల్సిందే. ఇక్కడి వార్డులో పదేళ్లు చేసినా ఆ పాఠం వినని సిస్టర్, విమానం దిగిన కొన్నాళ్లకే ఆ ముక్క నేర్చుకుంటుంది. జర్మన్ భాష నేర్పి నర్సులను విదేశాలకు పంపుతున్న ప్రభుత్వాలకు, ఇక్కడే ఉండిపోయిన నర్సుకు ఈ అర రోజు పాఠం చెప్పించడం పెద్ద పని కాదు.

ఇంతకీ ఆ పాఠంలో ఏముంటుంది? జుట్టు సంగతే తీసుకోండి. ఎవరైనా జుట్టు పట్టి లాగితే మనిషి ఆలోచించకుండా చేసే పని వెనక్కి గుంజుకోవడం. గుంజుకున్నకొద్దీ నొప్పి పెరుగుతుంది, మెడ అదుపు తప్పుతుంది, అవతలివాడు ఎటు తిప్పితే తల అటు పోతుంది. శిక్షణలో చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. రెండు అరచేతులూ పైకెత్తి, జుట్టు పట్టుకున్న ఆ పిడికిలిని తన తలకేసి తానే గట్టిగా అదిమి పెట్టుకోవాలి. అప్పుడు లాగడానికి అవతలివాడికి జాగా ఉండదు, కుదుళ్ల మీద భారం తగ్గుతుంది, మెడ మళ్లీ మన చేతికొస్తుంది. మోకాళ్లు కాస్త వంచి, దూరంగా జరగకుండా అతని వైపే ఒక అడుగు వేసి, గట్టిగా కేక వేయాలి. సాయం వచ్చేదాకా తలను కాపాడుకోవడమే ఇక్కడి పని, అతన్ని గెలవడం కాదు.

మణికట్టు ఇంకా సులువు. ఎంత బలవంతుడి పట్టులోనైనా బొటనవేలి కొస, మిగతా వేళ్ల కొసలు కలిసే చోట ఒక సందు ఉంటుంది. మణికట్టు సన్నపు అంచును ఆ సందు వైపు తిప్పి, మోచెయ్యి వంచి ఒక్క ఊపున లాగితే చెయ్యి బయటపడుతుంది. నాలుగు వేళ్లతో కుస్తీ పట్టక్కర్లేదు, ఒక్క బొటనవేలిని ఓడిస్తే చాలు. కొరికినప్పుడు కూడా అంతే. లాక్కుంటే కండ ఊడొస్తుంది. చేతిని నోటి లోపలి వైపే నెడితే దవడ తెరుచుకుంటుంది. మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. పక్కనున్నవాళ్లతో జతగా నాలుగైదుసార్లు చేసి చూస్తే చెయ్యే నమ్ముతుంది.

అసలు పాఠంలో సగం పట్టు పడకముందు సంగతే. ఆందోళనగా ఉన్న రోగికి మరీ ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, చెయ్యి చాపితే అందనంత దూరంలో నిలబడాలి. మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కోకూడదు. తలుపు దారి ఎప్పుడూ తన వైపే ఉండాలి. మెడలో స్టెతస్కోపు వేలాడేసుకోవడం డాక్టరుగిరీకి గుర్తే గానీ, లాగేవాడికి అది తాడు. ఐడీ కార్డు ట్యాగు గుంజితే ఊడొచ్చే రకం క్లిప్పుతో ఉండాలి. చున్నీని రెండు భుజాలకూ పిన్నులతో బిగించుకుని వార్డులో తిరగడం కూడా ఆలోచించాల్సిన అలవాటే. గొంతు పెంచకుండా, ఒక్కరే మాట్లాడుతూ, రోగికి ఎంచుకునే అవకాశం ఇస్తూ మాట్లాడటం ఇందులో భాగం: "సూది ఇప్పుడే వేయమంటారా, నీళ్లు తాగాక వేయమంటారా?" అన్న చిన్న ప్రశ్న ఒక్కోసారి నలుగురు చేసే పని చేస్తుంది. బలంతో నిమిత్తం లేదు, వయసుతో నిమిత్తం లేదు. యాభై ఏళ్ల ఆయమ్మ కూడా నేర్చుకోగలదు.

దీన్ని కరాటేతో కలపవద్దని మనవి. ఏదైనా ఘటన జరగ్గానే కళాశాల మైదానంలో తెల్లటి దుస్తులు వేయించి, పంచ్‌లు కొట్టించి, ఫొటోలు దిగే శిబిరాలు మనకు కొత్త కాదు. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి పేరిట కేంద్రం నడిపిస్తున్న మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ మంచిదే. వీధిలో వెంటపడేవాడికి అది తగిన జవాబు. కానీ వార్డులో చెయ్యి పట్టుకున్నవాడు రోగి. అతని ముక్కు మీద గుద్దడానికి వీల్లేదు, గుద్దితే ఆ ముక్కుకు కుట్లు వేయాల్సిందీ ఆ డాక్టరే. కాబట్టి ఇక్కడ కావలసిన విద్య వేరు: తనకు దెబ్బ తగలకూడదు, అతనికీ తగలకూడదు.

పైగా అతను ఎందుకలా చేశాడో కూడా చూడాలి. ఆర్థోపెడిక్ వార్డులో తరచూ కనిపించే కేసు ఒకటుంది. కాలు విరిగి చేరిన మనిషి రోజూ తాగేవాడు. ఆసుపత్రిలో మందు దొరకదు. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండో మూడో రాత్రికి గోడల మీద పురుగులు కనిపిస్తాయి, చచ్చిపోయిన తమ్ముడు తలుపు దగ్గర నిలబడి పిలుస్తాడు. సెలైన్ పీకేసి, విరిగిన కాలు మీదే లేచి నిలబడతాడు. అడ్డం వచ్చిన సిస్టర్ అతని కళ్లకు సిస్టర్‌లా కనిపించదు. కేస్ షీటులో అతను ఎముక విరిగిన రోగి మాత్రమే. మానసిక వైద్యుడు ఆ వార్డు గడప తొక్కి ఉండడు. చక్కెర బాగా పడిపోయినవాడు, తలకు దెబ్బ తగిలినవాడు, మూర్ఛ వచ్చి అప్పుడే తేరుకుంటున్నవాడు, జ్వరం తలకెక్కినవాడు కూడా ఇలాగే తిరగబడతారు. 'తాగొచ్చాడు' అని పక్కన పడేసినవాడికి గ్లూకోమీటరు పెడితే అసలు సంగతి బయటపడ్డ సందర్భాలు క్యాజువాలిటీలో చేసిన ప్రతి డాక్టరుకూ తెలుసు.

తెలంగాణకు ఈ బాధ మరికాస్త ఎక్కువ. అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకు అది ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులు చూశాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు కాంపౌండ్లు, మందు దుకాణాలు మూసేశాక ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరస కట్టారు. అలా వణుకుతూ, అరుస్తూ వచ్చినవాళ్లను మొదట పట్టుకోవాల్సింది ఎవరు? గేటు దగ్గర గార్డు, వార్డు బాయ్, నర్సు. ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ (పురుష, మహిళా నర్సింగ్ ఆర్డర్లీలు) అని జీవోల్లో రాసే కింది ఉద్యోగులూ. వీళ్లలో చాలామంది ఔట్‌సోర్సింగ్.

ఈ లేఖ అడుగుతున్న రెండో విద్య ఇక్కడే మొదలవుతుంది. పట్టు విడిపించుకోవడం ఒకటైతే, తప్పనిసరైనప్పుడు రోగిని ప్రాణానికి ముప్పు లేకుండా పట్టి ఉంచడం ఇంకొకటి. రోగిని పట్టుకోవడం నేర్పితే సిబ్బంది దాష్టీకానికి దిగుతారని కొందరు మంచి మనసుతోనే భయపడతారు. కానీ నేర్పకపోయినా పట్టుకుంటూనే ఉన్నారు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో, ప్రతి రాత్రీ. "పట్టుకోండి, పట్టుకోండి!" అన్న కేక వినగానే వార్డు బాయ్ ఒక చెయ్యి, పక్క మంచం రోగి బావమరిది ఇంకో చెయ్యి, గార్డు మోకాలితో వీపు మీద. ఒకాయన ఛాతీ మీదే కూర్చుంటాడు. ఎవరో తువ్వాలు తెస్తారు, ఎవరో గాజ్ గుడ్డ పేని మణికట్లను మంచం కమ్మీకి బిగిస్తారు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరికీ తెలియదు, అంతే.

ఏది తెలియదో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఊపిరి పీల్చాలంటే పక్కటెముకలు విచ్చుకోవాలి, పొట్ట పైనున్న డయాఫ్రమ్ కిందికి జారాలి. మనిషిని బోర్లా పడేసి వీపు మీద బరువు వేస్తే ఈ రెండూ సాగవు. అదే సమయంలో పెనుగులాడుతున్న కండరాలకు మామూలు కన్నా ఎన్నో రెట్లు ప్రాణవాయువు కావాలి. గాలి చాలక అతను ఇంకా గట్టిగా కొట్టుకుంటాడు. పైనున్నవాళ్లు దాన్ని మొండితనం అనుకుని ఇంకా గట్టిగా అదుముతారు. కాసేపటికి కదలిక ఆగుతుంది. "హమ్మయ్య, సర్దుకున్నాడు" అంటారు. ఒక్కోసారి మనిషి పోయేది సరిగ్గా ఆ నిమిషంలోనే. "ఊపిరాడట్లేదు అని అరుస్తున్నాడంటే ఆడుతున్నట్టే కదా" అన్న మాట కూడా వార్డుల్లో వినిపిస్తుంది. ఒక మాట పలకడానికి కావలసిన గాలి వేరు, బతకడానికి కావలసిన గాలి వేరు. 2020 మే నెలలో అమెరికాలోని మినియాపొలిస్ నడివీధిలో, పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ ఆ మాటే అంటూ అంటూ పోవడం లోకమంతా చూసింది.

బ్రిటన్ ఈ సంగతిని చావుల ద్వారానే నేర్చుకుంది. అక్కడ 1980లలో జైళ్ల కోసం తయారైన పద్ధతులు, మణికట్టు మెలిపెట్టి నొప్పితో లొంగదీసేవి, మానసిక వైద్యశాలల్లోకి వచ్చిపడ్డాయి. 1998 అక్టోబరు 30న నార్విచ్‌లోని ఒక క్లినిక్‌లో 38 ఏళ్ల డేవిడ్ బెన్నెట్‌ను నర్సులు బోర్లా అదిమి పట్టి ఉంచారు, సుమారు 25 నిమిషాలు. అతను చనిపోయాడు. విచారణ జరిపిన సర్ జాన్ బ్లోఫెల్డ్ సంఘం 2004లో నివేదిక ఇస్తూ, బోర్లా పట్టి ఉంచడం మూడు నిమిషాలు దాటకూడదని చెప్పింది. అయినా 2010లో లండన్‌లో ఒలసేని లూయిస్ అనే 23 ఏళ్ల కుర్రవాడు ఆసుపత్రిలోనే, పదకొండు మంది పోలీసుల పట్టులో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని పేరు మీదే 2018లో చట్టం వచ్చింది. ప్రతి మానసిక వైద్య విభాగం బలప్రయోగం మీద రాతపూర్వక విధానం పెట్టుకోవాలి, దానికి ఒక బాధ్యుడు ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ప్రతి ఘటనా రాయాలి. అమెరికాలో 1998లో హార్ట్‌ఫర్డ్ కూరంట్ పత్రిక ఆరా తీస్తే, అంతకుముందు పదేళ్లలో ఇలా కట్టేసినప్పుడో పట్టి ఉంచినప్పుడో పోయినవాళ్లు 142 మంది అని తేలింది.

మన దగ్గర ఎందరు? అటువంటి లెక్క తీయాలంటే ముందు ఎవరో రాసి ఉండాలి కదా.

చట్టం మనకూ ఉంది, అదీ మంచి చట్టమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ప్రకారం, రోగికి గానీ పక్కవాళ్లకు గానీ తక్షణం హాని జరగబోతుంటే, దాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే పట్టి ఉంచవచ్చు. బాధ్యుడైన మానసిక వైద్యుడు అనుమతించాలి. ఎందుకు, ఎలా, ఎంతసేపు అన్నది కేసు రికార్డులో రాయాలి. శిక్షగానో బెదిరింపుగానో వాడకూడదు, సిబ్బంది తక్కువన్న సాకుతో అసలే వాడకూడదు. రోగి ఎంచుకున్న ప్రతినిధికి 24 గంటల్లోగా చెప్పాలి. 95వ సెక్షన్ గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ఆ నిషేధం వెనక తమిళనాడులోని ఏర్వాడి ఉంది. 2001 ఆగస్టు 6న అక్కడి గుడిసెలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉన్న మానసిక రోగులు కదల్లేకపోయారు; 28 మంది చనిపోయారు. చట్టం ఇంత వివరంగా 'ఎప్పుడు' అన్నది చెప్పింది. 'ఎలా పట్టుకోవాలి' అన్నది మాత్రం కాగితం నేర్పలేదు, మనిషి నేర్పాలి.

నేర్పేదీ పెద్ద విద్యేం కాదు. జట్టులో ఒకరు తల దగ్గర ఉంటారు. వాళ్లు చెయ్యీ పట్టుకోరు, కాలూ పట్టుకోరు. ముఖం చూడటం, పెదవుల రంగు చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, రోగితో మెల్లగా మాట్లాడుతూ ఉండటమే వాళ్ల పని. "ఆపండి" అని వాళ్లంటే డాక్టరైనా సరే ఆపాల్సిందే. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో చెయ్యో కాలో, కీలు మీద కాకుండా కీలుకు పక్కన పట్టుకుంటారు. ఛాతీ, వీపు, పొట్ట, మెడ, వీటి మీద ఎవరి బరువూ పడకూడదు. వెల్లకిలా గానీ పక్కకు గానీ, వీలైతే కూర్చోబెట్టి గానీ పట్టాలి. పెనుగులాటలో బోర్లా పడితే వెంటనే తిప్పాలి. మత్తు సూది పనిచేశాక ఒక్కొక్క చెయ్యే వదులుతూ రావాలి. వదిలాక కూడా పల్స్ ఆక్సీమీటరు వేలికి ఉంచి చూస్తుండాలి. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చేతులతో పట్టి ఉంచడం మామూలుగా పది నిమిషాలు దాటరాదన్నాయి. ఇందులో ఏ ముక్కకీ విదేశీ పరికరం అక్కర్లేదు.

చేతులు వేస్తే కేసు మెడకు చుట్టుకుంటుందేమోనన్న భయం సిబ్బందిలో ఉంది. ఆ భయం తీర్చడమూ శిక్షణలో భాగమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34, 35 సెక్షన్లు తన శరీరాన్నీ, ఇతరుల శరీరాన్నీ కాపాడుకునే హక్కు ప్రతి మనిషికీ ఇచ్చాయి. దాడి చేసినవాడు మతి స్థిమితం లేనివాడైనా ఆ హక్కు పోదని 36వ సెక్షన్ చెబుతుంది. కాపాడుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేసే హక్కు మాత్రం లేదన్నది 37వ సెక్షన్. ఈ 'అవసరమైనంత' అన్నది ఎంతో, కోర్టులో కాకుండా ముందుగా వార్డులోనే తెలియాలంటే సాధన చేయాలి.

దాడి జరిగాక శిక్షించే చట్టం తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది: మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, బెయిలు లేని నేరం, ధ్వంసమైన ఆస్తికి రెట్టింపు పరిహారం. ఆర్‌జీ కర్ తర్వాత కేంద్రం, దాడి జరిగిన ఆరు గంటల్లోగా సంస్థే ఎఫ్ఐఆర్ పెట్టించాలని చెప్పింది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 20న జాతీయ టాస్క్‌ఫోర్సు వేసింది. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రుల డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి అందులో సభ్యులు. ప్రత్యేక కేంద్ర చట్టం అక్కర్లేదు, రాష్ట్రాల చట్టాలూ భారతీయ న్యాయ సంహితా సరిపోతాయని ఆ సంఘం నివేదిక తేల్చింది. అంటే భారమంతా మీ ఇద్దరి శాఖల మీదే ఉంది.

ఇక శిక్షణ చేయలేనివి కూడా నిజాయితీగా చెప్పాలి. కొచ్రేన్ సంస్థ 2020లో ఇటువంటి శిక్షణల మీద జరిగిన అధ్యయనాలను జల్లెడ పట్టి, సిబ్బందికి తెలివిడీ సానుకూల వైఖరీ పెరగవచ్చు గానీ దాడుల సంఖ్య తగ్గినట్టు గట్టి రుజువు లేదంది. ఆశ్చర్యమేం లేదు. తాగుడు ఆగి మతి తప్పిన మనిషికి నర్సు శిక్షణ పొందిందో లేదో ఎలా తెలుస్తుంది? దాడి జరిగినప్పుడు చూసుకోవలసింది సిబ్బంది మెడ దక్కిందా, రోగి ఊపిరి దక్కిందా అన్నదే. ఆరోగ్య సిబ్బందిలో 8 నుంచి 38 శాతం మంది ఉద్యోగ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక దాడికి గురవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇంత మామూలైపోయిన ప్రమాదానికి సిద్ధపడకుండా డ్యూటీకి పంపడం నిర్లక్ష్యం కిందికే వస్తుంది.

ఆయుధం ముందు ఈ విద్య పనికిరాదు. 2023 మే 10న తెల్లవారుజామున కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో, కాలి గాయానికి కట్టు కట్టించడానికి పోలీసులే తీసుకొచ్చిన ఒక స్కూలు టీచరు, శస్త్రచికిత్స కత్తెర అందుకుని హౌస్ సర్జన్‌ను పొడిచి చంపాడు. కత్తెర కనబడ్డాక ఏ పట్టూ లేదు, తలుపు వైపు పరుగే. అందుకే డ్రెస్సింగ్ గదికి రెండు తలుపులుండటం, కత్తెరల ట్రే రోగికి అందేచోట లేకపోవడం కూడా ఈ పాఠంలోవే. గుంపు ముందూ ఇది పనికిరాదు. 2020 ఏప్రిల్ 1న గాంధీ ఆసుపత్రిలో కోవిడ్‌తో పోయిన రోగి బంధువులు డాక్టర్ల మీద పడ్డప్పుడు మణికట్టు విడిపించుకునే ఉపాయం ఏం చేస్తుంది? అక్కడ కావలసింది చావు కబురు ఎలా చెప్పాలో తెలిసిన సీనియరు, మూసుకునే గ్రిల్ గేటు, పోలీసు. ఆ మూడింటికీ బదులుగా ఈ శిక్షణను చూపించి చేతులు దులుపుకోవద్దు.

మంత్రులను కోరేది స్పష్టంగా ఇదీ. ఎంబీబీఎస్‌లో చేరిన తొలి రోజుల్లోనే ఫౌండేషన్ కోర్సులో ప్రాథమిక ప్రాణరక్షణ నేర్పుతున్నారు. అలాగే పట్టు విడిపించుకునే అర రోజు పాఠాన్ని హౌస్ సర్జన్లకూ, నర్సింగ్ విద్యార్థులకూ, కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ మొదటి నైట్ డ్యూటీకి ముందే తప్పనిసరి చేయండి. క్యాజువాలిటీ, మానసిక విభాగం, ఐసీయూ, డీ-అడిక్షన్, ఆర్థోపెడిక్ వార్డుల వాళ్లకు రోగిని జట్టుగా పట్టి ఉంచే రెండు రోజుల పాఠం పెట్టండి, ఏడాదికోసారి తిరగవేయించండి. చదువున్నవాళ్లకే చెప్పి సరిపెట్టొద్దు. వార్డు బాయ్, ఆయమ్మ, గార్డు, డాక్టరు ఒకే చాప మీద ఒకే రోజు నేర్చుకోవాలి, ఎందుకంటే రాత్రి రెండింటికి ఒకే మంచం చుట్టూ నిలబడేది వాళ్లే. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మారినప్పుడల్లా మనుషులు మారతారు కాబట్టి, శిక్షణ పొందినవాళ్లనే పంపాలన్న షరతు టెండరులోనే రాయించండి. 108 వాహనంలో వెనక రోగితో ఒంటరిగా కూర్చునే అంబులెన్సు టెక్నీషియన్ (ఈఎంటీ)ను మరవొద్దు. ముందున్న పైలట్ (డ్రైవరు) బండి ఆపి వెనక్కి వచ్చేదాకా ఆ మనిషికి దిక్కు తన చేతులే.

నేర్పేవాళ్ల కోసం కరాటే మాస్టర్లకూ ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీలకూ కబురు పెట్టవద్దు. ఎర్రగడ్డలోనూ, విశాఖ మానసిక వైద్యశాలలోనూ ఏళ్ల తరబడి ఇటువంటి రోగులతో మెలిగిన నర్సులున్నారు. వాళ్లకు ఒక మత్తు డాక్టరునూ ఒక ఫిజియోథెరపిస్టునూ తోడిస్తే, బయటి నుంచి నిపుణులను రప్పించేది మొదటి విడతకే. నొప్పి పెట్టి లొంగదీసే పట్లు, మెడ మీద చెయ్యి, వీపు మీద మోకాలు, ఈ మూడింటికీ చోటు లేదని పాఠ్యాంశం మొదటి పేజీలోనే ఉండాలి. పట్టి ఉంచిన ప్రతిసారీ, అది ఏ వార్డయినా సరే, ఎవరు, ఎందుకు, ఎన్ని నిమిషాలు అన్నది రిజిస్టరులో పడాలి. సూపరింటెండెంట్ నెలకోసారి దాన్ని తిరగేయాలి. తరచూ ఒకే వార్డు పేరు కనబడితే ఆ వార్డులో మనుషులు చాలడం లేదనో, తాగుడు ఆగిన లక్షణాలకు ముందే చికిత్స మొదలుపెట్టడం లేదనో అర్థం.

మనుషుల మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. జట్టుగా పట్టాలంటే నలుగురైదుగురు కావాలి. రాత్రిపూట బోలెడు మంచాలకు ఒక సిస్టరు, ఒక ఆయమ్మ ఉన్న వార్డులో ఏ శిక్షణా నిలబడదు. పిలిస్తే రెండు నిమిషాల్లో చేరుకునే జట్టు ప్రతి షిఫ్టులోనూ ఎవరెవరో పేర్లతో సహా రోస్టరులో ఉండాలి. దెబ్బ తగిలిన ఉద్యోగికి వైద్యం ఖర్చు, జీతంతో సెలవు ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ వర్తించాలి. ఇవి లేకుండా చాపలు పరిచి పట్లు నేర్పిస్తే, రేపు దెబ్బ తిన్న నర్సునే "శిక్షణ ఇచ్చాం కదా, ఎందుకు విడిపించుకోలేదు?" అని అడిగే అధికారి తయారవుతాడు. ఆ ప్రశ్నకు ఉత్తర్వులోనే అడ్డుకట్ట వేయండి: దాడి జరిగితే తప్పు దెబ్బ తిన్నవాళ్లది కాదని రాయండి.

దీనికయ్యే ఖర్చు ఒక హాలు, కొన్ని మందపాటి చాపలు, శిక్షణకు వెళ్లినవాళ్ల బదులు డ్యూటీ చేసేవాళ్ల జీతం. స్కానింగ్ యంత్రం ఒకటి కొనే డబ్బుతో పోలిస్తే లెక్కలోకి రాదు. ఆంధ్రాలో ఒక బోధనాసుపత్రి, తెలంగాణలో ఒకటి ఎంచుకుని మొదలుపెట్టండి. ఆర్నెల్ల రిజిస్టర్లు, సిబ్బంది గాయాల లెక్క, రోగుల గాయాల లెక్క బహిరంగంగా ప్రకటించండి. కొత్త హౌస్ సర్జన్ల బ్యాచ్ వార్డుల్లో అడుగుపెట్టే లోపు జీవో రావాలని ఈ లేఖ కోరుతోంది.